తంబురా పట్టిన పింజారి

పళవేర్కాడు ఒడ్డున నిలబడి ఉత్తరంగా చూస్తే కనుచూపు మేర నీరే. ఆ నీటిలో ఎక్కువ భాగం ఆంధ్రకు చెందినది. దక్షిణపు కొస తమిళనాడుది. మన పెద్దలు దీనిని ప్రళయకావేరి అన్నారు. తమిళ సోదరులు పళవేర్కాడు అన్నారు. తెల్లదొరలు నోరు తిరగక పులికాట్ అన్నారు. వేనాటి వైపు నుంచి, ఇరకం దీవి వైపు నుంచి తెడ్డు వేసుకుంటూ వచ్చే పడవవానికి మాత్రం ఈ మూడు పేర్లూ ఒక్క నీటికే చెల్లుతాయి.

సరిహద్దులన్నవి తరువాత వచ్చాయి. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు చిత్తూరు జిల్లాతోపాటు తిరుత్తణి ఆంధ్రలో ఉన్నది. పొన్నేరి, తిరువళ్లూరు మదరాసులో ఉన్నవి. ఉత్తరపు ఎల్ల కోసం తమిళులు, దక్షిణపు ఎల్ల కోసం మనవారు కొన్ని సంవత్సరాలు వాదించుకున్న మీదట, పటాస్కర్ గారి మధ్యవర్తిత్వం వల్ల గ్రామాన్ని ప్రమాణంగా తీసుకొని పంపకం జరిగింది. 1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి తాలూకాలో చాలా భాగం మదరాసు రాష్ట్రంలో చేరింది. అందుకు మారుగా తిరువళ్లూరు, పొన్నేరి తాలూకాల నుంచి కొన్ని గ్రామాలు ఆంధ్రలో చేరాయి. పళవేర్కాడు ఇటువైపే ఉండిపోయింది. గ్రామాలను పంచవచ్చును గాని ఇండ్లను పంచడం ఎవరి తరమూ కాదు. 1888లో సర్వేపల్లి రాధాకృష్ణగారు పుట్టిన తిరుత్తణిలో నేటికీ తెలుగు వినబడుతుంది. సత్యవేడు పల్లెలలో తమిళమూ వినబడుతుంది.

అప్పటి నుంచే ఇక్కడ ఉన్న కుటుంబాలు కొన్ని. గుమ్మిడిపూండి, ఎన్నూరు కర్మాగారాలలో పనికోసం నెల్లూరు, గుంటూరు, శ్రీకాకుళం నుంచి తరువాత వచ్చిన కుటుంబాలు కొన్ని. ఉగాదినాడు పంచాంగశ్రవణం ముగిసి, పచ్చడి గిన్నెలు ఖాళీ అయి, పెద్దలు నలుగురు ఒకచోట కూర్చున్నప్పుడు ఒకే ప్రశ్న ముందుకు వస్తుంది. మన పిల్లలు తెలుగు మాట్లాడతారు గాని చదవలేరు, దీనికేమి దారి? 2006లో తమిళనాడు ప్రభుత్వం చేసిన చట్టం వల్ల బడిలో తమిళం అందరికీ తప్పనిసరి అయింది. ఉన్న ఊరి భాష నేర్చుకోవడం ఎంతమాత్రమూ తప్పు కాదు, నేర్వకపోవడమే తప్పు. అయితే దానికి తోడుగా మన అక్షరం నేర్పే చోటు మాత్రం కరువైపోతున్నది.

ఈ ప్రశ్నకు పూర్తి సమాధానం మా వద్ద లేదు. కాని అక్షరం చేతికి అందని చోట చెవి ద్వారా తెలుగును లక్షలమందికి అందించిన ఒక మనిషి చరిత్ర మన దగ్గర ఉన్నది. ఆ మనిషి షేక్ నాజర్. ఆ సాధనం బుర్రకథ. ఈ సంచికలో వారిని గురించి నాలుగు మాటలు చెప్పుకోవడం అన్నివిధాలా ఉచితమని మేము భావించాము.

కథకుడు, ఇద్దరు వంతలు

మన పిల్లలలో చాలామంది బుర్రకథను చూసి ఉండరు గనుక ముందుగా దాని స్వరూపం చెప్పవలసి ఉన్నది. వేదిక మీద ముగ్గురు నిలుస్తారు. నడుమ ఉన్నవాడు కథకుడు. భుజాన తంబురా, బొటనవేలికి లోపల చిన్న గుండ్లు గల బోలు అందె, కాళ్లకు గజ్జెలు, ఒంటిమీద నిలువుటంగీ, నడుముకు పట్టీ, తలకు పాగా, పాగాకు తురాయి. అతడికి ఇరువైపులా నిలిచే ఇద్దరూ వంతలు. వారి చేతులలో డక్కీలు, వీటినే గుమ్మెటలు అనికూడా అంటారు. ఇవి మట్టితో చేసినవీ ఉంటాయి, ఇత్తడివీ ఉంటాయి. కథకుడు ఒక చరణం పాడగానే వంతలు తందాన పలుకుతారు. అందుచేతనే దీనికి తందాన కథ అనీ, తంబురా కథ అనీ పేర్లున్నవి. బుర్ర అన్నమాట తంబురాకు కట్టిన సొరబుర్ర నుంచి వచ్చిందని పెద్దలు చెబుతారు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. కథకుడు పాడుతూనే తంబురా మీటాలి. మీటుతూనే అందెతో తాళం వేయాలి. తాళం వేస్తూనే గజ్జెకాలితో అడుగులు వేయాలి. నడుమ నడుమ పాట ఆపి వచనం చెప్పాలి. ఆ వచనంలోనే రాజు కావాలి, బంటు కావాలి, బిడ్డను పోగొట్టుకున్న తల్లి కావాలి. ఒక్క శరీరమే ఒక మేళం అవుతుంది. నాలుగు వాయిద్యాలను నలుగురికి పంచి ఇస్తే ఇంత ఊపు రాదు.

వంతలు ఇద్దరికీ కూడ వేరువేరు పనులున్నవి. ఒకడు రాజకీయం, మరొకడు హాస్యం. కథ ఎంత పాతదైనా రాజకీయపు వంత దానిని ఈనాటి ధరలకూ, ఈనాటి పన్నులకూ, ఈ ఊరి కరణం చేష్టలకూ ముడిపెడతాడు. హాస్యపు వంత జనాన్ని నవ్విస్తాడు. మూడుగంటలసేపు కదలకుండా కూర్చోబెట్టే కీలకం ఇదే. నవ్వు లేకపోతే నీతి వినేవారు లేరు. నీతి లేకపోతే నవ్వు ఇంటికి చేరేలోపల మరచిపోతారు.

ఈ రూపం ఎవరో ఒకరు ఒకనాడు కల్పించినది కాదు. ఊరూరా తిరుగుతూ శివకథలు, వీరకథలు చెప్పిన జంగాల నుంచి, శారదకాండ్ర నుంచి వచ్చినది. పూర్వం జంగం కథలో కథకుడికి తోడుగా ఇంటి ఆడవారే వంతలుగా ఉండి డక్కీ వాయించేవారు. రాత్రి కథ చెప్పి తెల్లవారి ఇంటింటా ధాన్యం అడుక్కోవడం వారి జీవనం. పండితులు ఆ కథను సాహిత్యమని ఒప్పుకోలేదు. గ్రామస్థులు కళ అని ఆనందించారు గాని కళాకారుడిని అరుగు ఎక్కనిచ్చేవారు కారు. అట్టి రూపాన్ని 1940ల తొలి సంవత్సరాలలో గుంటూరు, కృష్ణా జిల్లాల యువకులు చేపట్టారు. దేవతల కథల పక్కన దేశపు కథలను నిలబెట్టారు. జర్మను సేనలను ఎదిరించి ప్రాణాలిచ్చిన సోవియట్ బాలిక తాన్య కథ కూడా తెలుగు పల్లెలో తందాన పదంతో వినిపించిన రోజులవి.

పొన్నెకల్లు పిల్లవాడు

నాజర్ గారు 1920 ఫిబ్రవరి 5వ తేదీన గుంటూరు జిల్లా పొన్నెకల్లు గ్రామంలో పుట్టారు. వారిది దూదేకుల కుటుంబం. దూదిని ఏకడం, పరుపులు కుట్టడం ఆ కులపు వృత్తి. ఇంట్లో మాట్లాడేది తెలుగు. నమాజు చేసేది మసీదులో. చుట్టూ వినేది భారత రామాయణ కథలు, భజనలు, నాటకాల పద్యాలు. గుంటూరు, ఒంగోలు ప్రాంతాలలోని ముస్లిం కుటుంబాలు ఆలయాల ముంగిట నాదస్వరం వాయించిన సంగతి మనకు తెలియనిది కాదు. కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానాగారు అట్టి కుటుంబం నుంచే వచ్చి శ్రీరంగంలో స్థిరపడి, తమిళదేశం నెత్తిన పెట్టుకున్న విద్వాంసులైనారు. వలస వచ్చిన మనకు వారి పేరు గర్వకారణం. ఆ గాలిలోనే నాజర్ కూడా పెరిగారు.

చిన్ననాడే ఆయన గొంతు ఊరివారిని ఆకట్టుకున్నది. నాటక సమాజంలో చేరి స్త్రీ పాత్రలు ధరించారు. హార్మోనియం నేర్చారు. శాస్త్రీయ సంగీతం అభ్యసించారు. పేదరికం వల్ల చదువు సాగలేదు గాని, రంగస్థలం ఆయనకు పెద్ద బడి అయింది. తరువాత బుర్రకథలోకి వచ్చినప్పుడు ఈ రెండు విద్యలూ, అంటే రాగం తెలిసిన గొంతూ, పాత్ర తెలిసిన శరీరమూ, ఆయన వెంట వచ్చాయి. జంగం కథకు ఉన్న జోరు పోకుండానే దానిలో నవరసాలు పలికించడం ఆయన చేసిన పని. వీరరసంలో ఒక కాలు ముందుకు వేసి తంబురాను కత్తివలె ఎత్తడం, కరుణంలో గజ్జె మ్రోగకుండా నిలిచి గొంతును సన్నం చేయడం, ఇటువంటివన్నీ నాటకం నుంచి తెచ్చుకున్నవి.

"పింజారి" అన్నమాటకు అర్థం దూది ఏకేవాడు, అంతే. కాని మన భాషలో దానిని తిట్టుగా వాడే పాపిష్టి అలవాటు ఒకటి ఉన్నది. పిల్లలను కసరడానికి కూడ ఇండ్లలో ఆ మాట అనేస్తాము. నాజర్ గారు తమ జీవితకథను చెప్పగా అంగడాల వెంకటరమణమూర్తిగారు వ్రాశారు. ఆ గ్రంథానికి పెట్టిన పేరు "పింజారి." లోకం తిట్టుగా విసిరిన మాటను ఏరుకొని తలపాగాలో తురాయిగా ధరించడమంటే ఇదే కదా! ఈ ఒక్క పేరు చదివిన తరువాత మన ఇండ్లలో ఆ తిట్టు వినిపించకూడదని మా మనవి.

కరువు పాట

ఆయన కళకు అసలు పరీక్ష 1943లో వచ్చింది. అంతకు ముందటి సంవత్సరం జపానువారు బర్మాను పట్టుకోవడంతో అక్కడి బియ్యం రావడం ఆగిపోయింది. 1942 ఏప్రిల్ 6వ తేదీన విశాఖపట్టణం మీద, కాకినాడ మీద బాంబులు పడ్డాయి. మదరాసు నుంచి జనం పల్లెలకు పారిపోయారు. బెంగాలు తీరంలో శత్రువుకు దొరకకూడదని ప్రభుత్వం పడవలను స్వాధీనం చేసుకున్నది. ఆ అక్టోబరులో తుపాను వచ్చింది. ధాన్యం ధరలు ఆకాశాన్ని అంటాయి. ఉన్న ధాన్యం గిడ్డంగులలో దాగింది. 1943లో మొదలైన ఆ కరువులో ఆకలితోనూ, ఆ వెంట వచ్చిన రోగాలతోనూ మరణించినవారు విచారణ సంఘం లెక్కప్రకారం 15 లక్షలు. తరువాతి పరిశోధకులలో పలువురి లెక్కప్రకారం 30 లక్షల వరకు.

పడవ లేకపోతే ఏమవుతుందో మన పళవేర్కాడు వారికి వేరే చెప్పనక్కరలేదు. పడవ పోతే చేప పోతుంది, సంత పోతుంది, చివరికి గింజ పోతుంది.

అదే సంవత్సరం బొంబాయిలో అఖిల భారత ప్రజానాట్య సంఘం ఏర్పడింది. మన దేశంలో దాని శాఖగా ప్రజానాట్యమండలి పుట్టింది. డాక్టర్ గరికపాటి రాజారావుగారు దానికి ప్రాణం. వైద్యులై ఉండి నాటకానికి జీవితం అర్పించిన వారు; తరువాత 1953లో "పుట్టిల్లు" చిత్రం తీసి జమునను, అల్లు రామలింగయ్యను తెరకు పరిచయం చేసినవారూ వీరే. ఈ మండలిలో నాజర్ గారు ముఖ్య కథకులైనారు. బెంగాలు కరువును బుర్రకథగా కట్టి చెప్పారు. ఎన్నడూ చూడని దేశంలో, భాష తెలియని జనం ఆకలిని గుంటూరు సీమ రైతు తన ఆకలిగా తలచి కన్నీరు పెట్టుకున్నాడంటే అది ఆ తంబురా మహిమ. పత్రిక చదవలేనివాడికి పత్రిక చెప్పని సంగతిని సైతం ఆ కథ చెప్పింది: కరువు వాన లేకపోవడం వల్లనే రాదు, మనుషుల దురాశ వల్లకూడా వస్తుంది అని.

సుంకర సత్యనారాయణగారు వ్రాసిన "కష్టజీవి" వంటి బుర్రకథలు కూడా ఆ కాలంలోనే పల్లెపల్లెకూ వెళ్లాయి. 1922 నుంచి 1924 వరకు మన్యంలో పోరాడి, 1924 మే 7వ తేదీన ప్రాణాలర్పించిన అల్లూరి సీతారామరాజు కథ నాజర్ గారి గొంతులో ఎంత ప్రసిద్ధి పొందినదో చెప్పడానికి 1954లో వచ్చిన "అగ్గిరాముడు" చిత్రమే సాక్ష్యం. ఆ చిత్రంలో ఆయన దళం చెప్పిన ఆ బుర్రకథ కోసమే టిక్కెట్టు కొన్నవారు ఉన్నారనడంలో అతిశయోక్తి లేదు. పల్లె తిరునాళ్లలో నేలమీద కూర్చుని విన్నదానిని టూరింగు టాకీసులో నేల తరగతిలో కూర్చుని మళ్లీ విన్నారు.

ఆయన స్వయంగా కట్టిన పల్నాటి యుద్ధం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఇది 12వ శతాబ్దపు కథ. నాగమ్మ మంత్రాంగం, కోడిపందెం, కారెంపూడి రణరంగం, ఇవన్నీ అందరికీ తెలిసినవే. కాని అన్ని కులాలవారినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి భోజనం పెట్టించిన బ్రహ్మనాయుడు, ఆయన కొడుకుగా చేరదీసి సేనాధిపతిని చేసిన మాల కన్నమదాసు ఉన్నారే, ఈ ఇద్దరినీ సభ నడుమకు తేవడంలోనే కథకుడి మనస్సు తెలుస్తుంది. పాత వీరగాథను మార్చకుండానే దానిలో దాగిన సమానత్వాన్ని బయటికి తీయవచ్చునని ఆయన చూపారు. బొబ్బిలి కథకూడ అట్టిదే. 1757 జనవరిలో బుస్సీ ఫిరంగుల ముందు కోట కూలిన ఆ కథ, అన్నదమ్ములు తగవులాడుకుంటే పరాయివాడు ఎలా లోపలికి వస్తాడో చెబుతుంది. ఇవికాక ప్రహ్లాదుని కథ చెప్పారు, క్రీస్తు కథ చెప్పారు. కోవెల, మసీదు, చర్చి ఒకే ఊరిలో ఉన్న మన పళవేర్కాడులో ఆయనను నిలబెట్టితే ఏ వీధివారూ మా కథకుడు కాడని అనలేరు.

ప్రభుత్వాలకు ఈ కథలు రుచించలేదు. మదరాసు ప్రభుత్వమూ, నిజాము ప్రభుత్వమూ బుర్రకథలను నిషేధించాయి. సుంకరగారు, వాసిరెడ్డి భాస్కరరావుగారు కలిసి వ్రాసిన "మా భూమి" నాటకంపై కూడా వేటు పడింది. తంబురా, డక్కీ, గజ్జెలు తప్ప మరేమీ లేని ముగ్గురు మనుషులను చూసి ఒక ప్రభుత్వం జంకినదంటే ఆ కథ ఎంత లోతుకు దిగిందో ఊహించవచ్చు. నాజర్ గారి రాజకీయాభిప్రాయాలన్నిటితోనూ మనలో ప్రతివారికీ ఏకీభావం ఉండకపోవచ్చును. ఉండనవసరమూ లేదు. పేదవాని కష్టాన్ని పేదవానికి అర్థమయ్యే భాషలో చెప్పాలన్న ఆయన పట్టుదలను మాత్రం ఎవరూ కాదనలేరు.

1986లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ బిరుదు ఇచ్చింది. 1997 ఫిబ్రవరి 22వ తేదీన ఆయన కన్నుమూశారు. జంగం వానికి అరుగు మీద చోటివ్వని సమాజంలో పుట్టిన కళ రాష్ట్రపతి భవనం దాకా నడిచి వెళ్లిందన్నమాట. ఆ నడకకు పట్టిన కాలం ఒక మనిషి జీవితకాలం.

పొరుగువారి పాట

ఈ పని మన తెలుగువారొక్కరే చేశారనుకుంటే పొరపాటు. తమిళదేశంలో వింటినారికి గంటలు కట్టి కథ చెప్పే విల్లుపాట్టు ఉన్నది. ఎన్. ఎస్. కృష్ణన్ గారు దానినీ, కాలక్షేపపు పద్ధతినీ తీసుకొని నవ్విస్తూనే సంఘంలోని దురాచారాలను ఎత్తిచూపారు. కొత్తమంగళం సుబ్బుగారు విల్లుపాట్టుకు పట్టణాలలో గౌరవం తెచ్చారు. మన పిల్లలు బడిలో తమిళం నేర్చుకుంటున్నారు గనుక వారికి విల్లుపాట్టు చూపి బుర్రకథను పోల్చి చెప్పడం సులభం. విల్లూ తంబురా అక్కచెల్లెండ్రు.

మహారాష్ట్రంలో పొవాడా ఉన్నది. అమర్ షేక్, అన్నాభావు సాఠే దానిని కూలివారి గొంతు చేశారు. అన్నాభావు సాఠేగారు నాజర్ గారు పుట్టిన 1920లోనే పుట్టారు. స్టాలిన్‌గ్రాడ్ యుద్ధం మీద పొవాడా కట్టారు. సముద్రాలు దాటి వెళితే అమెరికాలో ఉడీ గత్రీ అనే గాయకుడు ఉన్నారు. 1912లో ఓక్లహోమాలో పుట్టి, 1930లలో ధూళి తుపానులకు పొలాలు పోగొట్టుకొని కాలిఫోర్నియాకు వలస వెళ్లిన రైతుల వెంట నడచి, గిటారు మీటుతూ, నోటి వాయిద్యం ఊదుతూ వారి గోడును పాటలు కట్టారు. ఆయన 1967లో మరణించారు. ఒకరి పేరు ఒకరు విన్నారో లేదో గాని, ఓక్లహోమావాడూ పొన్నెకల్లువాడూ చేసిన పని ఒక్కటే: తాతలనాటి బాణీ, ఈనాటి బాధ. వలసవారి పాట అనగానే మన చెవి నిక్కపొడుచుకోవడం సహజమే.

మన దేశంలో ఆ దారి నాజర్ గారితో ఆగిపోలేదు. వంగపండు ప్రసాదరావుగారు (1943-2020) ఉత్తరాంధ్ర జానపద బాణీలలో కట్టిన పాటలూ, గద్దరు గారు (1949-2023) గజ్జె కట్టి వేదిక మీద ఆడిపాడిన పద్ధతీ ఈ చెట్టు కొమ్మలే. గద్దరుగారు తొలిదినాలలో బుర్రకథ చెప్పినవారే.

అయితే బుర్రకథకు క్షీణదశ కూడా వచ్చిందని ఒప్పుకోవాలి. ప్రభుత్వ శాఖలు కుటుంబ నియంత్రణకూ, పొదుపు పథకాలకూ, ఆరోగ్య ప్రచారానికీ బుర్రకథ దళాలను వాడుకున్నాయి. దానివల్ల కళాకారులకు నాలుగు మెతుకులు దొరికిన మాట నిజం. కాని పైవారు ఇచ్చిన మాటను చెప్పే కథకుడికీ, కిందివారి మాటను పైవారికి వినిపించే కథకుడికీ భేదం ఉన్నది. రాజకీయపు వంత నోరు కట్టేసిన తరువాత మిగిలింది హాస్యపు వంత ఒక్కడే. ఒక కాలు లేని ముక్కాలి పీట ఎంతసేపు నిలుస్తుంది?

మన ఒడ్డున కట్టవలసిన కథ

ఇక మన సంగతికి వద్దాము. పల్నాడుకు ఒక కథ ఉన్నది, బొబ్బిలికి ఒకటి ఉన్నది. పళవేర్కాడుకు లేదా? ఉన్నది, కావలసినంత ఉన్నది.

1610లో చంద్రగిరి ప్రభువు వేంకటపతి దేవరాయల అనుమతితో డచ్చివారు ఇక్కడ వర్తకం స్థాపించారు. 1613 నాటికి గెల్డ్రియా కోట లేచింది. ఈ తీరపు నేతగాండ్రు నేసిన బట్టలూ, అద్దకపు గుడ్డలూ ఓడలకెక్కి జావా దీవులకు పోయాయి; మారుగా సుగంధద్రవ్యాలు వచ్చాయి. పులికాట్ రుమాలు పేరు ప్రపంచమంతా పాకింది. ఇది మన ఊరి ఘనత, పిల్లలకు చెప్పదగిన సంగతి.

అదే ఓడలలో మనుషులు కూడ పోయారు. 17వ శతాబ్దంలో కరువులు, యుద్ధాలు వచ్చినప్పుడల్లా, ముఖ్యంగా 1640ల కరువులో, ఆకలికి ఆగలేక బిడ్డలను అమ్ముకున్నవారినీ, తమను తామే అమ్ముకున్నవారినీ కంపెనీవారు కొని బటావియాకు పంపారు. బట్టల మూటలతోపాటు మనుషులూ లెక్కపుస్తకాలకు ఎక్కారు. 1943లో బెంగాలు కరువు చూసి కథ కట్టిన నాజర్ ఆనాడు ఈ ఒడ్డున ఉండి ఉంటే తంబురా ఎత్తకుండా ఊరుకునేవారా? 1825లో ఈ ఊరు పూర్తిగా ఆంగ్లేయుల చేతికి వచ్చింది. డచ్చివారి సమాధులు చెక్కిన రాళ్లతో నేటికీ ఉన్నాయి. వాటిని పురావస్తు శాఖవారు కాపాడుతున్నారు. అమ్ముడుపోయినవారికి రాళ్లు లేవు. వారికి మిగిలేది పాట ఒక్కటే. అది మనం కట్టాలి.

ఇటీవలి కథలు కూడ ఉన్నవి. 1971లో శ్రీహరికోట నుంచి తొలి రాకెట్టు ఎగిరింది. దేశానికి కీర్తి వచ్చింది. ఆ దీవిలోని యానాది కుటుంబాలు తమ అడవిలోని చోట్లు విడిచి వేరేచోట కాపురం పెట్టవలసి వచ్చింది. ఈ రెండు మాటలూ ఒకే కథలో చెప్పగలిగినవాడే కథకుడు. 2004 డిసెంబరు 26వ తేదీ సునామీని ఇక్కడివారు మరచిపోలేదు. ముఖద్వారం ఇసుకతో పూడిపోవడం, చేప తగ్గడం, చుట్టూ కర్మాగారాలు పెరగడం, ఇవి నిత్యం కళ్లముందున్నవే. జాలరులు చెరువులో ఎవరి చోట ఎవరు ఎప్పుడు వల వేయాలో వంతులవారీగా నిర్ణయించుకునే "పాడు" అనే కట్టుబాటు ఉన్నది. బలవంతుడు అంతా దోచుకోకుండా, బలహీనుడు పస్తుండకుండా పూర్వులు పెట్టిన ఏర్పాటు అది. దీనిని మించిన నీతికథ ఏ పురాణంలో ఉంటుంది?

స. వెం. రమేశ్ గారు "ప్రళయకావేరి కథలు" వ్రాసి ఈ సరస్సులోని దీవుల తెలుగు ఎంత తియ్యనిదో లోకానికి చూపారు. ఆ పుస్తకం చదవగలిగిన పెద్దలు చదివి చెబితే, చదవలేని పిల్లలు వింటారు. విన్నది పాడతారు. పాడినదానిని ఒకనాడు వ్రాయాలనుకుంటారు. అక్షరం మీద ఆకలి అలా పుట్టాలే గాని బెత్తంతో పుట్టదు. నాజర్ గారు బడిలో చదివింది స్వల్పమే అయినా ఆయన కథ విని తెలుగు మీద మమకారం పెంచుకున్నవారు ఎందరో!

కనుక మేము కోరేది పెద్ద పనికాదు. వచ్చే ఉగాదికి మన పందిట్లో సినిమా పాటల పోటీతోపాటు ఒక బుర్రకథ కూడా ఉండాలి. ముగ్గురు పిల్లలు చాలు. ఆడపిల్లలైతే మరీ సంతోషం. జంగం కథలో డక్కీ పట్టినది వారి చేతులే. తంబురా దొరకకపోతే సొరబుర్రతో చేయించుకోవచ్చును. కథ మన ఊరిది కావాలి. రాజకీయపు వంతకు నోరు కట్టకూడదు. తమిళ సోదరులను ముందు వరుసలో కూర్చోబెట్టాలి. హాస్యపు వంత వారికోసం రెండు ముక్కలు తమిళంలో చెప్పినా తప్పులేదు. ఇంటింటా బామ్మలకు, తాతలకు తెలిసిన పాత బాణీలు ఉంటే పిల్లల చేత ఫోనులో పట్టించి సంఘానికి అందజేయవలసిందిగా ప్రార్థన.

గ్రామాల పంపకంలో మన చేతికి ఏమి వచ్చింది, ఏమి పోయింది అనే లెక్క 1960తోనే ముగిసింది. పిల్లల చెవులకు ఏమి అందిస్తాము అన్న లెక్క మాత్రం ప్రతి ఉగాదికీ కొత్తగా మొదలవుతుంది. దూది ఏకినవాని చేతిలో తంబురా పలికినట్లే, ఈ ప్రళయకావేరి ఒడ్డున మన బిడ్డల చేతిలోనూ పలుకుగాక అని కోరుకుంటూ, సోదర సోదరీమణులందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు.